గణితమునకు నిఘంటువు

కావ్యము చదువువానికి నిఘంటువు కావలెనన్న ఎవ్వరును వింతపడరు. అమరకోశమును ముందుగా వల్లెవేసి, పిదప రఘువంశమును తెరచిన తరములు మన దేశమున ఎన్నియో గడచినవి. గణితము చదువువానికిని నిఘంటువు కావలెనన్నచో మాత్రము, లెక్కకు మాటలతో నేమి పని యని అడుగువారు కలరు. లెక్క చేతిపని, మాట నోటిపని యని వారి తలంపు. గణితశాస్త్ర చరిత్రను తిరుగవేసిన కొలదియు మాకు దీనికి విరుద్ధమైన సంగతియే కనబడుచున్నది. మాట తేలని చోట లెక్కయు తేలదు.

ఒక చిన్న ఉదాహరణము. వృత్తమునకు స్పర్శరేఖ యన నేమని పదవ తరగతి బాలుని అడిగినచో, వృత్తమును ఒక్క బిందువునందే తాకు సరళరేఖ యని వెంటనే చెప్పును. ఆ బాలుడే కళాశాలకు పోయి, ఒక వక్రరేఖకు గీచిన స్పర్శరేఖ ఆ వక్రమునే వేరొక చోట ఖండింపవచ్చునని విని నివ్వెరపోవును. అతడు నేర్చిన నిర్వచనము తప్పు కాదు. అది వృత్తమునకు మాత్రమే సరిపోవును. ఆ మాట అతనికి చెప్పినవారు లేరు. మంచి గణిత నిఘంటువు తెరచినచో ఈ రెండర్థములును ఒకే చోట, ఒకదాని క్రింద నొకటి కనబడును. పాఠ్యపుస్తకము ఈ పని చేయజాలదు. దానికి ఆ యేటి పాఠము మీదనే చూపు.

మాటలను ముందుగా తేల్చుకొనవలెనను బుద్ధి మన పూర్వులకు లేకపోలేదు. మాన్యఖేటము రాజధానిగా దక్కను నేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించెను. గ్రంథము తొమ్మిది భాగములు. అందు మొదటి భాగమునకు సంజ్ఞాధికారమని పేరు. కూడికయు గుణకారమును మొదలు పెట్టుటకు ముందే, రాబోవు పదములన్నింటిని ఆయన అచ్చట బారుతీర్చి నిలిపెను. పరమాణువు మొదలుకొని అంగుళము వరకును, అంగుళము మొదలుకొని యోజనము వరకును దూరపు కొలతలు. ధాన్యమునకు కుడవము, ప్రస్థము, ఆఢకము, ద్రోణము. బంగారమునకు గుంజ, ధరణము, కర్షము, పలము. ఆపై ఎనిమిది పరికర్మముల పేరులు. ఒకటి మొదలుకొని మహాక్షోభము వరకు ఇరువదినాలుగు సంఖ్యాస్థానములకు వేరువేరు నామములు. ఇది నిఘంటువు కాక మరేమి?

అదే భాగమున సంఖ్యలకు బదులు వాడు మాటల పట్టికయు కలదు. చంద్రుడన్న ఒకటి, నేత్రమన్న రెండు, అగ్ని యన్న మూడు, సముద్రమన్న నాలుగు, ఆకాశమన్న సున్న. శ్లోకములో లెక్క చెప్పవలసిన కాలమున ఈ పట్టిక తెలియనివానికి అడుగు ముందుకు పడదు. అంకెలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడుపుదురు గనుక, ఆకాశము, నేత్రము, అగ్ని యని వరుసగా చెప్పినచో 320 అగును. మన శాసనములలోని శకసంవత్సరములను చదువువారికి ఈ సంకేతము నేటికిని అక్కరకు వచ్చుచున్నది. మహావీరుని గ్రంథమును 1912లో మద్రాసున ఆంగ్లానువాదముతో ప్రకటించిన ఎం. రంగాచార్యులవారును ఈ మర్మము నెరిగిన వారే. ఆయన గ్రంథము తుదను సంఖ్యావాచకముల పట్టికను, పారిభాషిక పదముల వివరణమును అనుబంధములుగా చేర్చిరి. వేయి యేండ్ల తరువాతి పాఠకునికి సంజ్ఞాధికారమే చాలలేదు. దానికిని ఒక నిఘంటువు కావలసివచ్చెను.

ఈ గ్రంథమునే పావులూరి మల్లన సారసంగ్రహగణితమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన 11వ శతాబ్దివాడని పలువురు పండితుల యభిప్రాయము. ఆ లెక్కన, తెలుగున కావ్యరచన కుదురుకొను నాటికే గణితమును మన భాషలో మాటాడుట మొదలిడినదన్న మాట. జైన సంబంధమైన ఉదాహరణముల చోట మల్లన శైవ సంబంధమైన వానిని నిలిపెను. లెక్క మారలేదు, దేవుడు మారెను. చదువువానికి పరిచితమైన లోకములో లెక్కను నిలిపిననే అది మనసునకు పట్టునని ఆయన ఎరుగును.

అయితే సంజ్ఞాధికారమున వ్రాసినదెల్ల వేదవాక్యమని తలపరాదు. ఋణరాశి స్వభావముచేతనే వర్గము కాదు గావున దానికి వర్గమూలము లేదని మహావీరుడు స్పష్టముగా చెప్పెను. ఆ కాలమునకు అది ఎంతయో సూక్ష్మమైన మాట. మరి ఆ పరిసరములనే, ఒక రాశిని శూన్యముచే భాగించినచో ఆ రాశి మార్పు లేక నిలుచుననియు చెప్పెను. ఇది సరికాదు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు అట్టి రాశిని ఖహరమని వేరుగా పేర్కొని, దానిని అనంతముతో పోల్చెను. నేటి గణితము ఆ భాగహారమునకు అర్థమే లేదని త్రోసిపుచ్చును. ఒక పుటలోనే ఒక నిర్వచనము నిలిచినది, ఒకటి కూలినది. నిఘంటువును చేతబట్టినవాడు దానిని నమ్మవలెను, పరీక్షింపనువలెను.

సంజ్ఞాధికారము విషయానుక్రమమున నడచినది. శ్లోకములను కంఠస్థము చేసినవానికి అది చాలును. అతని స్మృతియే అతనికి సూచిక. అచ్చుపుస్తకము వచ్చి, గురువు లేని చదువరి పుట్టిన పిదప, అక్షరక్రమము తప్పనిసరి యయ్యెను. ఐరోపాలో గణిత నిఘంటువులు కూర్చిన వారి జీవితములు చూచిన మాకొక సంగతి తోచుచున్నది. వీరిలో ఇరువురు ముఖ్యులు బడిలో గురువునొద్ద క్రమముగా గణితము నేర్చినవారు కారు. 1726లో నూతన గణిత నిఘంటువును ప్రకటించిన ఎడ్మండ్ స్టోన్ స్కాట్లండులో ఆర్గైల్ ప్రభువు తోటమాలి కుమారుడు. చదువ నేర్చిన పిదప, తనంతట తానే అంకగణితమును, రేఖాగణితమును, లాటిన్, ఫ్రెంచి భాషలను కూడబలుకుకొనెను. తోటలో గడ్డిపై న్యూటన్ మహాశయుని లాటిన్ గ్రంథము పడియుండగా ప్రభువు చూచి, అది తన తోటమాలి కొడుకుదని తెలిసి ఆశ్చర్యపడెనని కథ. కథ కొంత పెరిగియుండవచ్చును; నిఘంటువు మాత్రము నిజము.

రెండవవాడు చార్లెస్ హటన్. 1737లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పట్టణమున గనిపనివాని ఇంట పుట్టెను. కొంతకాలము తానును గనిలో బొగ్గు త్రవ్వెను. పిదప బడిపంతులై, 1773లో వూలిచ్ నందలి సైనిక విద్యాలయమున గణితాచార్యుడయ్యెను. షిహాలియన్ అను కొండ చెంత జరిగిన పరిశీలనములనుండి భూగోళము నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు బరువైనదని లెక్కకట్టినవాడు ఈయనయే. నేటి లెక్క అయిదున్నర. ఆయన గణిత నిఘంటువు 1795, 1796 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడెను. అందు పదముల అర్థములే కాదు, గణితజ్ఞుల జీవితములు, యంత్రముల వర్ణనలు, బీజగణితమునకు దీర్ఘమైన చరిత్రయు కలవు. ఒక మాట వెదకబోయి పది పుటలు చదివి లేచునట్లు ఆయన దానిని కూర్చెను. గురువు లేని లోటు ఎట్టిదో ఎరిగినవాడు, గురువు లేనివారి కొరకు చేసిన పని యది.

ఇట్టి పుస్తకమొక్కటే గురువైనచో నేమి జరుగును? దీనికి మన దేశముననే ఒక సాక్ష్యము కలదు. 1903 ప్రాంతమున కుంభకోణములో పదునారేండ్ల బాలునికి కళాశాల గ్రంథాలయమునుండి ఒక ఆంగ్ల గ్రంథము దొరకెను. జార్జ్ షూబ్రిడ్జ్ కార్ అను లండను ట్యూటరు పరీక్షార్థులకు ఉపయోగించునట్లు కూర్చిన గణిత సంగ్రహమది. అది అక్షరక్రమమున లేదు కాని, పని చేయు తీరున నిఘంటువే. సూత్రములకును సిద్ధాంతములకును వరుస సంఖ్యలు వేసి, 6165 వరకు నడిపించెను. ఉపపత్తులు కొన్నింటికి లేనే లేవు. కొన్నింటికి "ఫలానా సంఖ్య చూడుము" అను సూచన మాత్రమే. ఆ బాలుడు శ్రీనివాస రామానుజన్.

సామాన్య విద్యార్థికి అట్టి పుస్తకము ఎండుకట్టెల మోపు. రామానుజన్ దానిని సవాలుగా గ్రహించెను. ఒక్కొక్క సూత్రమును తానై సాధించుట, సాధించిన దానినుండి క్రొత్తదానికి పోవుట — ఇదే అతని చదువు. ఉపపత్తి లేకపోవుటయే అతని భాగ్యమాయెను. సాధన యంతయు తెలిపిన పుస్తకము దొరకియున్నచో చదివి ముగించియుండునేమో.

కాని ఈ కథకు రెండవ ప్రక్క కలదు. దానిని దాచి రామానుజన్ కీర్తిని మాత్రమే విద్యార్థులకు వినిపించుట న్యాయము కాదు. గణితమునందే మునిగి తక్కిన విషయములను విడిచిపెట్టినందున కుంభకోణమున వేతనము పోయెను. మద్రాసులో ఎఫ్. ఏ. పరీక్షయు 1907లో తప్పెను. తన ఫలితములను నోటుపుస్తకములలో కార్ వ్రాసినట్లే వ్రాసెను: సూత్రము, దాని క్రింద మరొక సూత్రము, ఉపపత్తి చాలవరకు లేదు. 1913 జనవరిలో కేంబ్రిడ్జినందలి హార్డీకి వ్రాసిన ఉత్తరమును అదే తీరు. ఉపపత్తి యన నేమో ఆ మేధావికి స్పష్టముగా తెలియదని హార్డీ తరువాత వ్రాసెను. సంకీర్ణ చలరాశుల ప్రమేయ సిద్ధాంతము 19వ శతాబ్ది గణితమునకు వెన్నెముక వంటిది; అది కార్ గ్రంథమున లేదు, కావున రామానుజన్ దానిని ఎరుగడు. ఆయన 1920లో, ముప్పదిమూడేండ్లయినను నిండక మునుపే మరణించెను. ఆ నోటుపుస్తకములలోని మూడు వేలకు పైబడిన ఫలితములకు ఉపపత్తులు కూర్చి బ్రూస్ బెర్న్‌ట్ అయిదు సంపుటములుగా ప్రకటించుటకు 1985 నుండి 1998 వరకు పట్టెను. పుస్తకమున లేనిది చదువరి చదువునను లేకపోవును. నిఘంటువు తోడుగా నుండవలసినదే కాని, ఒంటరిగా నుండవలసినది కాదని మేమనుట ఇందులకే.

ఇక తోడు ఎట్లు చేయవలెను? పరావలయమను మాట తీసికొందము. నిఘంటువు చెప్పునది ఒక్క వాక్యము: ఒక స్థిరబిందువునకును ఒక స్థిరరేఖకును సమదూరమున నుండు బిందువు యొక్క పథము. ఈ వాక్యమును వల్లెవేసిన లాభము లేదు. బిందుపథ మన నేమో తెలియనిచో ఆ పుట తిప్పవలెను. ఆ స్థిరబిందువునకు నాభి యనియు, స్థిరరేఖకు నియతరేఖ యనియు పేరులు కనబడును. వాని పుటలును తిప్పవలెను. అచ్చటినుండి శాంకవములకును, శంకువునకును దారి తీయును. పిదప పుస్తకము మూసి ఒక కాగితము తీసికొనవలెను. దాని క్రింది అంచు నియతరేఖ. అంచునకు కొంచెము పైన ఒక చుక్క పెట్టిన అది నాభి. ఆ అంచు చుక్కమీద పడునట్లు కాగితమును ఇరువది ముప్పది మారులు వేరువేరు కోణములలో మడచి విప్పినచో, మడతల నడుమ పరావలయము తనంత తానే రూపు కట్టును. ప్రతి మడతయు ఆ వక్రమునకు స్పర్శరేఖ. నిఘంటువులోని వాక్యము చేతికి ఎక్కెను. మొదట చెప్పిన స్పర్శరేఖయు తిరిగి వచ్చెను.

ఇట్లు పుట తరువాత పుట తిప్పుచు పోయినచో తుదకెక్కడ నిలుతుము? రేఖకు అర్థము చూచిన బిందువు వచ్చును. బిందువునకు చూచిన, భాగములు లేనిదని యూక్లిడ్ మాట వచ్చును. భాగమన నేమి? బాలురు తిక్క ప్రశ్న యని ఊరకుందురు కాని, ఇది పెద్దలను రెండు వేల యేండ్లు వేధించిన ప్రశ్న. 1899లో జర్మనీలో హిల్బర్ట్ తన రేఖాగణిత గ్రంథమున బిందువును, రేఖను, తలమును నిర్వచింపకయే విడిచెను. వాని నడుమ నుండు సంబంధములను మాత్రము స్వీకృతములుగా నిలిపెను. అన్ని మాటలకు అర్థము చెప్పబూనిన నిఘంటువు గుండ్రముగా తిరుగక తప్పదు. గణితమునకు ఆ సంగతి తెలియును. భాషా నిఘంటువునకు అట్టి అడుగునేల ఎచ్చటను కానరాదు.

పదముల పుట్టుకను తెలుపు నిఘంటువు మరింత మేలు. మన బడులలో వృత్తపరిధిలోని ఒక భాగమునకు చాపమనియు, దాని రెండు కొసలను కలుపు రేఖకు జ్యా యనియు చెప్పుచున్నారు. చాపమన్న విల్లు, జ్యా యన్న వింటినారి. ఈ బొమ్మ కన్నులకు కట్టిన బాలుడు ఆ పదములను ఒకదానికొకటి ఎన్నడును తారుమారు చేయడు. 499లో ఆర్యభటుడు లెక్కకట్టినది అర్ధజ్యలను. క్రమముగా అర్ధమను మాట జారిపోయి జ్యా, జీవ యని నిలిచినవి. అరబ్బులు జీవ యను మాటను జీబ యని వ్రాసికొనిరి. వారి లిపిలో హ్రస్వాచ్చులు వ్రాయరు గనుక, తరువాతివారు దానిని జైబ్ అని చదివిరి. ఆ భాషలో జైబ్ అన వస్త్రపు మడత, ఒడి. 12వ శతాబ్దిలో లాటిన్ అనువాదకులు ఆ అర్థమునే గ్రహించి సైనస్ అనిరి. అదియే నేటి త్రికోణమితిలోని సైన్. ఆ అరబ్బీ జైబ్ మరియొక దారిని, పారసీకము ఉర్దూల మీదుగా, మన యింటికి జేబు అయి వచ్చెను. చొక్కా జేబులో చేయి పెట్టుకొని సైన్ పట్టికను తిట్టుకొను విద్యార్థికి ఆ రెండును ఒకే మాటయని చెప్పి చూడుడు. పట్టికపై కోపము కొంత తగ్గును.

తెలుగు విద్యార్థికి కల చిక్కు వేరు. నిజాం రాజ్యమున 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై అనువాదశాఖ నెలకొల్పి శాస్త్రములన్నింటిని ఉర్దూలోనికి తెచ్చిరి. ఇంట తెలుగు మాటాడు తెలంగాణ బాలుడు బడిలో త్రిభుజమును ముసల్లస్ అనియు, వృత్తమును దాయిరా అనియు నేర్చెను. ఆ సమయముననే మద్రాసు రాజధానిలోని తెలుగు బాలుడు పై తరగతులలో ఆ రెండింటిని ఆంగ్లమున నేర్చెను. ఒకే భాషవారు, ఒకే త్రిభుజము, మాట కలియదు. 1961లో కేంద్ర ప్రభుత్వము శాస్త్ర సాంకేతిక పదముల సంఘమును ఏర్పరచినది. సంస్కృతధాతువులనుండి దేశభాషలకెల్ల ఉమ్మడి పదములు చేయుట, సైన్, లాగ్ వంటి అంతర్జాతీయ సంకేతములను ఉన్నవున్నట్లు నిలుపుట దాని పద్ధతి. 1968లో హైదరాబాదున తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల చదువునకు తెలుగు పుస్తకములు సిద్ధపరచెను. అవకలనము, సమాకలనము, అవధి, మాత్రిక, సదిశ యను మాటలు తరగతిగదులలో స్థిరపడినవి.

ఉమ్మడి పదములను కోరిక పూర్తిగా నెరవేరలేదు. ప్రమేయమను సంస్కృత పదము హిందీ పుస్తకములలో సిద్ధాంతమను అర్థమున నున్నది. తెలుగు పుస్తకములలో ఒక చలరాశిని బట్టి మరొక రాశి నిర్ణయమగు సంబంధమునకు పేరు. రెండు భాషలును తెలిసినవాడే ఇచ్చట ఎక్కువ తబ్బిబ్బు పడును. లాగరిథమును మనవారు సంవర్గమానమనిరి, హిందీవారు లఘుగణకమనిరి. ఏ మాట మంచిదను తగవు మాకు అక్కర లేదు. ఒకచోట స్థిరపడిన మాటను మరల మరల మార్చుటకంటె, ఉన్న మాటకు ఎదుట తక్కిన భాషల మాటలను చూపుటయే చదువరికి ఉపకారము. అమెరికాలో గ్లెన్ జేమ్స్, రాబర్ట్ జేమ్స్ అను తండ్రీకొడుకులు 1942లో ప్రకటించిన గణిత నిఘంటువునకు 1959 కూర్పున ఫ్రెంచి, జర్మను, రష్యను, స్పానిషు పదముల సూచికలు చేర్చిరి. ఆ నిఘంటువు అయిదవ కూర్పు 1992లో వచ్చెను. ఇట్టి సూచికయే మన పిల్లలకు అత్యవసరము.

ఏలయన, గ్రామములలో తెలుగున ఇంటర్మీడియేటు చదివి ఇంజనీరింగు కళాశాలలో చేరిన విద్యార్థి మొదటి వారములలో మూగవాడగును. అవకలనము అతనికి చేతనైన పని. ఉపాధ్యాయుడు డిఫరెన్షియేషన్ అన్నప్పుడు, అది తాను నిరుడు చేసిన పనియే యని అతనికి తోచదు. తనకు బుద్ధి చాలదనుకొని వెనుక బల్లలకు జరుగును. ఇంటికి ఉత్తరము వ్రాయుట మానును. కొందరు చదువే మానుదురు. లోపించినది తెలివి కాదు, రెండు వందల మాటలు. ఆ మాటలను చేరదీయుట ఒక సెలవులో ముగియు పని.

కావున ఇంటర్మీడియేటు రెండవ యేట చదువు శ్రోతలకు మేము చెప్పునది ఇది. వందపుటల నోటుపుస్తకమొకటి తీసికొని ప్రతి పుటను మూడు గడులుగా గీయుడు. మొదటి గడిలో తెలుగు పదము, రెండవ దానిలో ఆంగ్లపదము, మూడవ దానిలో మీరు స్వయముగా చేసిన చిన్న లెక్కయో బొమ్మయో యుండవలెను. మూడవ గడి నింపలేని పదము మీకు ఇంకను రానట్లే. దాని చెంత ఒక గుర్తు పెట్టి మరునాడు ఉపాధ్యాయుని అడుగుడు. పుస్తకము వెనుకనుండి ఆంగ్లాక్షర క్రమమున ఒక సూచికయు వ్రాసికొనుడు, వెదకునపుడు రెండు వైపులనుండియు దారి యుండును. అవధితో మొదలు పెట్టుట సులభము. అవిచ్ఛిన్నత దాని ప్రక్కనే యుండును.